‘ఇదేటి?’ అన్నప్పుడు ఆగండి



ఈ పేజీలో మామూలుగా పరీక్షల ప్రిపరేషన్ గురించో, ఒలింపియాడ్ రిజిస్ట్రేషన్ గురించో, సెల్‌ఫోన్ మాన్పించడం గురించో చదువుతుంటారు. ఈ నెల నేను చెప్పదలచుకున్నది చాలా చిన్న పని. నర్సరీ నుంచి రెండో తరగతి దాకా చదివే పిల్లలున్న ఇళ్లకి మాత్రమే. వారానికి ఒక గంట మీ బాబునో పాపనో దగ్గర్లో ఉన్న పార్కుకి తీసుకెళ్లండి. పార్కు లేకపోతే చెరువు గట్టుకి తీసుకెళ్లండి. తీసుకెళ్లి ఏమీ నేర్పకండి.

ఈ ఆఖరి మాట తెలిసే రాశాను. పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి వచ్చి, ‘మేడం, ఆదివారాలు పాపని పార్కుకి తీసుకెళ్తున్నాను. మీరు ఒక వర్క్‌షీట్ ఇస్తే టైమ్ వేస్ట్ కాకుండా ఉంటుంది’ అన్నారు. ఎంతో శ్రద్ధ ఉన్న తండ్రి. ఫీజు కట్టేవారికి లెక్క కావాలి, గంట గడిస్తే ఆ గంటకి ఏం వచ్చిందో కనబడాలి. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయినా నేను వర్క్‌షీట్ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో నలుగురికీ చెబితే బాగుంటుందని ఇది రాస్తున్నాను.

‘ఐదు రకాల ఆకులు సేకరించుము’ అని కాగితం మీద ఉంటే పిల్లలు ఐదు ఆకులు కోస్తారు. ఆరోది చూడరు. ఐదు గళ్లూ నిండగానే పని అయిపోతుంది, జారుడుబల్ల దగ్గరికి పరుగెత్తుతారు. నాలుగైదేళ్ల పిల్లలకి చూడటం అనేది పని కాదు, అది వాళ్ల ఊపిరి. దానికి గళ్లు గీస్తే గళ్లే మిగులుతాయి.

సాయంత్రం ఏ పార్కుకైనా వెళ్లి చూడండి. పెద్దవాళ్లు షుగరు కోసం, బీపీ కోసం ట్రాక్ మీద గబగబా రౌండ్లు కొడుతుంటారు. పిల్లలు ఉయ్యాల దగ్గర లైన్‌లో ఉంటారు. మధ్యలో ఎక్కడో ఒక మూడేళ్ల పిల్ల సిమెంటు బెంచీ కాలు దగ్గర గొంతుకూర్చుని చీమల బారు చూస్తుంటుంది. చీమలు చచ్చిన రెక్కల పురుగుని మోసుకెళ్తుంటాయి. ‘అమ్మా, ఇదేటి?’ అంటుంది. అమ్మ చెయ్యి పట్టి లేపుతుంది: ‘చీమలమ్మా, కుడతాయి, రా.’ రోజుకి ఇలాంటివి ఎన్ని జరుగుతాయో ఎవరూ లెక్క పెట్టరు. పిల్ల అడిగింది పురుగు పేరు కాదు. అన్ని చీమలూ ఒకే దారిలో ఎందుకు పోతున్నాయి, అంత పెద్ద పురుగుని కన్నంలోకి ఎలా దూరుస్తాయి, అది చూడాలని. పది నిమిషాలు ఆగి ఉంటే కన్నం దగ్గరికి వెళ్లాక ఏం చేస్తాయో అమ్మా చూసేది.

నేను అడిగేది ఆ పది నిమిషాలే. చిన్నపిల్లలతో పార్కుకి వెళ్తే గంటలో వంద గజాలు నడిస్తే గొప్ప. మీ వాకింగ్ వేరే పూట పెట్టుకోండి.

ఏం చూడాలి అని అడిగేవాళ్ల కోసం ఒక్క మొక్క గురించి కొంచెం ఎక్కువగా చెబుతాను. జిల్లేడు. మన రెండు జిల్లాల్లో జిల్లేడు లేని ఖాళీ స్థలం ఉండదు. రథసప్తమి నాడు తల మీద ఆకులు పెట్టుకుని స్నానం చేయడానికి అందరం వెతుక్కునే మొక్క. అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడి ఉన్న ఊళ్లో పిల్లలకి ఆ ఆకు తెలియకపోవడం ఉండదు. కానీ ఆ ఆకుని తిరగేసి అడుగున చూసినవాళ్లు ఎంతమంది?

లేత ఆకుల అడుగున ఒక్కోసారి ఆవగింజ కంటే చిన్నగా తెల్లటి గుడ్డు ఒకటి అతికించి ఉంటుంది. కొద్దిరోజులకి అందులోంచి గొంగళిపురుగు వస్తుంది. పెరిగేకొద్దీ ఒంటి మీద నలుపు, తెలుపు, పసుపు చారలు. వీపు మీద నల్లటి కొమ్ముల్లాంటివి మూడు జతలు. జిల్లేడు పాలు మనకి విషం, పశువులు సైతం ఆ ఆకు జోలికి పోవు. ఈ పురుగు మాత్రం హాయిగా అదే తిని బతుకుతుంది. పైగా ఆ విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది. అందుకే పిట్టలు దాన్ని తిని రుచి చూసి ఉమ్మేస్తాయి, రెండోసారి ముట్టవు. ఆ చారలు ‘నన్ను తినకు’ అని రాసిపెట్టిన బోర్డు అన్నమాట. రెండు వారాల లోపే అది ఆకుపచ్చ గూడుగా వేలాడుతుంది, ఆ తరువాత నారింజ రంగు రెక్కలతో, అంచున నలుపు తెలుపు చుక్కలతో సీతాకోకచిలుక బయటికి వస్తుంది. మీరు రోజూ చూసే సీతాకోకచిలుకే.

ఇది సైన్సు పుస్తకంలో ‘లైఫ్ సైకిల్ ఆఫ్ ఎ బటర్‌ఫ్లై’ అని నాలుగు బొమ్మలూ నాలుగు బాణాలూ గీసి ఉన్న పాఠమే. పరీక్షలో మన పిల్లలందరూ ఆ బాణాలు సరిగ్గా గీస్తారు. ఆ నాలుగు బొమ్మల మధ్యా పదిహేనిరవై రోజులు ఉన్నాయనీ, సగం పురుగులు మధ్యలోనే కనబడకుండా పోతాయనీ, గూట్లోంచి వచ్చిన సీతాకోకచిలుక రెక్కలు తడిగా ముడుచుకుని ఉండి కాసేపటిదాకా ఎగరలేదనీ బొమ్మలో ఉండదు. అది తెలియాలంటే అదే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. అందుకే ప్రతి వారం కొత్త చోటికి తీసుకెళ్లక్కర్లేదు, ఒకే చోటికి వెళ్లడమే మేలు అంటాను. (జిల్లేడు ఆకు తుంపితే వచ్చే పాలు కంట్లో పడితే ప్రమాదం. ఆకుని మీరు తిప్పి చూపించండి, పిల్లలని తుంపనివ్వకండి.)

పెరట్లో కరివేపాకు మొక్కో, కుండీలో నిమ్మ మొక్కో ఉన్నవాళ్లు పార్కు దాకా కూడా వెళ్లక్కర్లేదు. లేత కరివేపాకు మీద పిట్ట రెట్ట లాంటిది కనబడితే తుడిచేయకండి. కాస్త కదిలించి చూడండి. అది రెట్టలా కనబడి పిట్టల నుంచి తప్పించుకునే మరో గొంగళిపురుగు కావచ్చు. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారిపోతుంది.

సాయంత్రం వెళ్లేవాళ్లు పార్కులో నిద్రగన్నేరు చెట్టు ఉందేమో చూడండి. పాత రోడ్ల పక్కనా, ఆఫీసుల ఆవరణల్లోనూ గొడుగులా పరుచుకుని ఉంటుంది. పొద్దు వాలుతుంటే దాని ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుంటాయి. నవంబరులో మన వైపు ఐదున్నరకే చీకటి ముసురుకుంటుంది కాబట్టి నాలుగున్నరకి వెళ్లి కూర్చుంటే ఆకు విప్పి ఉన్న చెట్టునీ, నిద్రపోయిన చెట్టునీ ఒకే గంటలో చూడొచ్చు. ‘చెట్టు బజ్జుందా?’ అని పిల్లలు అడుగుతారు. ‘అలాగే ఉంది కదా’ అంటే చాలు. కారణం పెద్ద తరగతుల్లో చదువుకుంటారు.

ఇప్పుడు పేర్ల సంగతి. దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది, కొందరికి నచ్చకపోవచ్చు.

మనది ఇంగ్లిష్ మీడియం స్కూలు. పిల్లలు ‘ఇదేటి’ అంటే చాలామంది తల్లిదండ్రులు ‘ఇదేటి కాదు, వాటీజ్ దిస్ అను’ అని దిద్దుతారు. క్లాసులో ఇంగ్లిష్ మేమే నేర్పుతాం, అది మా ఉద్యోగం. పార్కులో మాత్రం దిద్దకండి. ఆ క్షణంలో పిల్ల మనసు పిట్ట మీద ఉంది. మీరు దాన్ని తీసుకొచ్చి మాట మీద పెడుతున్నారు. ఈలోగా పిట్ట ఎగిరిపోతుంది.

రెండో తరగతి పిల్లలకి ఇంగ్లిష్‌లో పెంగ్విన్, ఆస్ట్రిచ్, ఫ్లమింగో తెలుసు. మన స్కూలు గోడ మీద కూర్చునే గోరింకని ‘బ్రౌన్ బర్డ్’ అంటారు. పికిలిపిట్ట, జెముడుకాకి, పాలపిట్ట, లకుముకి పిట్ట అనే మాటలు వాళ్ల ఇళ్లలో నానమ్మలకీ తాతలకీ తెలుసు, అమ్మానాన్నలకి సగమే తెలుసు. ఇంకో తరానికి ఏం మిగులుతుందో మీరే ఊహించండి. అందుకని వీలైతే పార్కుకి నానమ్మనో తాతనో కూడా తీసుకెళ్లండి. పల్లె నుంచి వచ్చి అపార్ట్‌మెంట్‌లో టీవీ ముందు కూర్చున్న తాతకి అక్కడ చెప్పడానికి చాలా ఉంటుంది. పిట్ట పేరు ఒక్కటే కాదు. గెడ్డ అంటే ఏమిటి, బంద అంటే ఏమిటి, చెరువుకీ బందకీ తేడా ఏమిటి, ఏ గాలి వస్తే వాన పడుతుంది, ఇవన్నీ ఇక్కడి మాటలే. పుస్తకంలో దొరకవు.

వ్యవహార భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలోనే పుట్టారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా స్కూల్లో జరుపుతాం, పిల్లలు పంచె కట్టుకుని వచ్చి స్పీచ్ చెబుతారు. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. జనం నోట్లో ఉన్న మాటని గౌరవించిన మనిషి. ఆయన జిల్లాలో ‘ఇదేటి’ అన్న పిల్లని తప్పు పట్టడం నాకు కాస్త విచిత్రంగానే అనిపిస్తుంది.

విజయనగరం పిల్లలకి ఒక ప్రశ్న వేయండి. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఏ చెట్టుది? దసరా తరువాత వచ్చే మంగళవారం లక్షల మంది మధ్య ఆ మాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. చివర కూర్చున్న పూజారి ఆకాశంలో ఉన్నట్టు కనబడతారు. మన పిల్లలు నాన్న భుజాల మీద కూర్చుని అది చూస్తారు. అది చింతమాను అని చాలామందికి తెలియదు. పెద్దచెరువు గట్టు వైపు వెళ్లినప్పుడు ఒక చింతచెట్టు కింద నిలబెట్టి, తల పైకెత్తి చూడమనండి. అంత పొడుగు మాను కావాలంటే చెట్టు ఎన్నేళ్లు పెరగాలి, తాత పుట్టకముందు నుంచీ ఉందా అని వాళ్లే అడుగుతారు. అమ్మవారి విగ్రహం ఆ చెరువులోనే దొరికిందని పెద్దలు చెప్పే కథ కూడా అక్కడే చెప్పండి. కథ వినాల్సిన చోట వింటే పిల్లలు మరిచిపోరు.

ఇది కార్తీకం కాబట్టి వనభోజనాల మాట కూడా ఎత్తాలి. ఉసిరిచెట్టు కింద కూర్చుని తినాలని పెద్దలు పెట్టిన ఆచారం. ఇప్పుడు సంఘాల వాళ్లూ, ఆఫీసుల వాళ్లూ పెట్టే వనభోజనాల్లో వనం తగ్గి భోజనం మిగిలింది. కొన్నిచోట్ల కుండీలో ఉసిరికొమ్మ పెట్టి ఫంక్షన్ హాల్లో కానిచ్చేస్తున్నారు. మైకూ, తంబోలా, కేటరింగూ. పిల్లలు ఒక మూల ఫోన్లతో కూర్చుంటారు. నాకు వనభోజనాలంటే ఇష్టమే, పనసపొట్టు కూర ఉంటే మరీ ఇష్టం. కానీ ఈసారి వెళ్లినప్పుడు పిల్లలకి ఒక ఉసిరికాయ ఇచ్చి కొరకమనండి. మొహం వికారంగా పెడతారు. వెంటనే మంచినీళ్లు తాగించండి. నీళ్లు తియ్యగా ఉంటాయి. ఆ ఆశ్చర్యం ఏ యాప్‌లోనూ లేదు.

ఇక లెక్కలు కావాలనేవారికి. మా క్లాసుల్లో కళ్లద్దాల పిల్లలు ఎక్కువవుతున్నారని మీటింగ్‌లో మీరే అంటుంటారు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక పాఠశాలలను తీసుకుని సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలకి రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టారు. మూడేళ్ల తరువాత చూస్తే ఆ బడుల్లో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు 30.4 శాతం, మిగతా బడుల్లో 39.5 శాతం. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక 2015లో దీన్ని ప్రచురించింది. తైవాన్ అయితే 2010 నుంచే బడి పిల్లలు రోజుకి 120 నిమిషాలు ఆరుబయట ఉండాలని కార్యక్రమం పెట్టుకుంది. పగటి వెలుగు కంటి వెనక పొరలో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది, అది కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుంది అని పరిశోధకులు భావిస్తున్నారు. గదిలో ట్యూబ్‌లైట్ వెలుగు ఎంత ధారాళంగా ఉందనుకున్నా, చెట్టు నీడలో ఉండే వెలుగు దానికి ఎన్నో రెట్లు. అంటే ఎండలో మాడ్చక్కర్లేదు, నీడలో కూర్చున్నా లాభమే. ఇప్పటికే అద్దాలున్న పిల్లలకి పవర్ తగ్గిపోతుందని మాత్రం దీని అర్థం కాదు. రాకుండా కాపాడటంలోనే దీని బలం. కంటి డాక్టర్ చెప్పింది మానకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనలు కూడా ఉన్నాయి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి స్క్రీన్ రోజుకి గంట మించకూడదు, మూడు నాలుగేళ్ల వాళ్లు రోజు మొత్తంలో కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలించాలి. నేను అడుగుతున్నది వారానికి ఒక గంట. ఆ లెక్కన చాలా తక్కువే అడుగుతున్నాను.

‘మేడం, మా దగ్గర పార్కే లేదు’ అనేవాళ్లున్నారు. నిజం. పార్కులున్నా కొన్నిచోట్ల గడ్డి మీద అడుగు పెట్టనివ్వరు, కొన్నిచోట్ల గడ్డే ఉండదు. బొమ్మ జిరాఫీలూ సెల్ఫీ పాయింట్లూ ఉంటాయి. ఆ పార్కులోనూ గోడ వారగా పిచ్చిమొక్కలు మొలిచిన మూల ఒకటి ఉంటుంది. పిల్లలకి అదే మంచి చోటు. అత్తిపత్తి అక్కడే ఉంటుంది, ముట్టుకుంటే ముడుచుకునేది. మామిడిచెట్టు ఉంటే ఆకుల్ని కలిపి కుట్టిన ఎర్రచీమల గూడు ఉంటుంది. ఆ చీమలు తమ పిల్లపురుగుల నోటి నుంచి వచ్చే దారంతోనే ఆకులు కుడతాయి. దూరం నుంచే చూపించండి, కుడితే భరించలేం.

భయాల్లో కొన్ని నిజమైనవే. వాటిని కొట్టిపారేయను. గన్నేరు, పచ్చగన్నేరు మన పార్కుల్లో విరివిగా పెంచుతారు. రెండూ విషమే, పచ్చగన్నేరు గింజ మరీ ప్రమాదం. ఎర్రగా ముద్దొచ్చే గురివింద గింజ, ఉమ్మెత్త కాయ కూడా నోట్లో పెట్టుకోకూడనివి. వయ్యారిభామ ఒంటికి తగిలితే కొందరికి దద్దుర్లు, దాని పుప్పొడికి కొందరికి ఆయాసం వస్తాయి. ఉబ్బసం ఉన్న పిల్లలని అది పూత మీదున్న చోటికి తీసుకెళ్లకండి. పొదలోకీ కన్నంలోకీ చెయ్యి పెట్టకూడదు. అడుగు కనబడే నేల మీదే నడవాలి. దోమలకి ఫుల్ హ్యాండ్స్ వేయండి. ఒక్క నియమం చెబితే నాలుగేళ్ల వాళ్లకీ అర్థమవుతుంది: కళ్లతో ఎంతైనా చూడు, చేత్తో ముట్టే ముందు అడుగు, నోట్లో ఏదీ పెట్టకు.

నీళ్ల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డు సాయంత్రాలు బాగుంటుంది. కానీ నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నా అక్కడ వాన పడితే నీరు పెరుగుతుంది. ఇసుక తవ్విన గుంతలు పైకి కనబడవు. గట్టు మీద నుంచే చూడండి, చెయ్యి వదలకండి, ఏటిలోకి దింపకండి. చెరువులకీ అంతే.

బట్టలు మాసిపోతాయన్న ఫిర్యాదు మాత్రం నేను వినను. ఉతికితే పోతుంది.

వీటన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఒకటుంది. అది మన పెద్దవాళ్ల దగ్గర సిద్ధంగా ఉండే జవాబులు. టెక్కలి దగ్గర తేలినీలాపురం గురించి మీకు తెలుసు. ప్రతి ఏడూ వానలు వెనకబట్టే వేళకి రంగు కొంగలూ, గూడబాతులూ వచ్చి ఊళ్లో చెట్ల మీద గూళ్లు కడతాయి. మేతకి నౌపడ చిత్తడి నేలలకి వెళ్లి వస్తుంటాయి. ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు, ఎవరినీ కొట్టనివ్వరు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి తొలకరి వానలతోనే నత్తగుల్ల కొంగలు వస్తాయి. ఈ పక్షుల గురించి ఎవరిని అడిగినా ఒకే మాట: ‘సైబీరియా నుంచి వస్తాయి.’ పేపర్లలో అదే రాస్తారు, పిల్లల ప్రాజెక్ట్ చార్టుల మీద అదే అతికిస్తారు.

ఒకసారి క్లాసులో ఈ సంగతి వచ్చినప్పుడు రెండో తరగతి పిల్లాడొకడు అడిగాడు: ‘పిల్లలు ఇక్కడే పుడితే వాటి ఊరు ఇదే కదా మేడం?’ సరిగ్గా అదీ పాయింటు. ఉత్తర దేశాల నుంచి చలికి తట్టుకోలేక వచ్చే పక్షులు ఇక్కడికి మేత కోసం వస్తాయి. వేసవికి తమ దేశం తిరిగి వెళ్లి అక్కడ గుడ్లు పెడతాయి. ఇక్కడ పుల్లా పుడకా ఏరి గూడు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లల్ని ఎగరేసే రంగు కొంగ, గూడబాతు, నత్తగుల్ల కొంగ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. నీరూ మేతా చూసుకుని ఒక చోటి నుంచి మరో చోటికి తిరుగుతుంటాయి, అంతే. ఆ పిల్లాడికి పక్షిశాస్త్రం రాదు. వాళ్ల ఇంటి చూరులో పిచ్చుక గూడు చూశాడు. చూసినదాన్ని పట్టుకుని ఆలోచించాడు. పెద్దలందరి జవాబునీ వాడి ప్రశ్న నిలబెట్టి అడిగింది.

అందుకే అంటాను, మీకు తెలియనిది పిల్లలు అడిగితే ఫోన్ తీసి వెతకకండి. ‘నాకూ తెలీదు, చూద్దాం’ అనండి. ఫోన్ అర నిమిషంలో పేరు చెప్పేస్తుంది, పిల్లలు ‘ఓకే’ అనేసి వెళ్లిపోతారు. కూకూ అని కూసే కోయిల మగదా ఆడదా అని వాళ్లు అడిగితే వారం రోజులు వెతకనివ్వండి. నల్లటిది కూస్తుందా, మచ్చలున్నది కూస్తుందా, వాళ్లే వచ్చి చెబుతారు. కోయిల కూత జోరుగా వినబడేది ఎండాకాలంలో. అప్పటిదాకా ఆ ప్రశ్న అలా ఉండనివ్వండి. నష్టమేం లేదు.

తేలినీలాపురం తప్పకుండా తీసుకెళ్లండి, శ్రీకాకుళం నుంచి ఒక పూట ప్రయాణం. అయితే వీధిలో పిట్టని ఎప్పుడూ నిలబడి చూడని పిల్లలని నేరుగా అక్కడికి తీసుకెళ్తే పది నిమిషాల్లో ‘ఐస్‌క్రీమ్’ అంటారు. ముందు పార్కు, చెరువు గట్టు. చూపు నిలిచాక కొంగలు.

మీలో చాలామంది నాన్నలు ఉద్దానంలో జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పెరిగినవారు. మిగతా వారిలో ఎక్కువమంది వరిచేల గట్ల మీద నడిచి బడికి వెళ్లినవారు. పిల్లల చదువు కోసమే పట్నం వచ్చారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి తోటలకు తోటలు నేలకొరిగినప్పుడు కొబ్బరిచెట్టు అంటే ఇంట్లో మనిషి అని ఎందుకంటారో మీకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మీ పిల్లలకి అది తెలియదు. తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు, వాళ్లకి చెట్టు అంటే పార్కింగ్ నీడ. మీ దగ్గర ఉన్నది మీరు అనుకున్నదానికంటే ఎక్కువ. ‘నాకు నేచర్ గురించి ఏం తెలుసు మేడం, నేను వ్యాపారం చేసుకునేవాణ్ని’ అన్న ఒక తండ్రి పది నిమిషాల మాటల్లో తాటిముంజె ఏ అదునులో తియ్యాలో, జీడిపిక్క రసం తగిలితే చేతులు ఎలా పొక్కుతాయో చెప్పారు. ఇంకేం కావాలి?

మా యాజమాన్యానికి కూడా ఒక మాట చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. ఈ గంటకి మార్కులు పెట్టవద్దు, ‘యంగ్ నేచురలిస్ట్’ సర్టిఫికెట్ వద్దు, ఫొటో కాంపిటీషన్ అసలే వద్దు. ఫొటో అడిగిన రోజు నుంచి పార్కులో పిల్లలు మొక్కని కాకుండా అమ్మ చేతిలో కెమెరాని చూస్తారు. జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి పది రోజులు బ్యాగు లేకుండా ఉండాలంది. పెద్ద తరగతులకే బరువు దించమన్నప్పుడు యూకేజీ పిల్లల పార్కు గంట మీద కొత్త బరువు ఎందుకు పెట్టాలి? సోమవారం పొద్దున పిల్లలు వచ్చి ‘మేడం, చీమలు ఇంత పెద్ద పురుగుని మోశాయి’ అని చేతులు చాచి చూపిస్తే అదే నాకు రిపోర్టు.

మన ప్రైమరీ బ్లాక్ వెనక ప్రహరీ అవతల ఖాళీ స్థలంలో జిల్లేడు దుబ్బులు నాలుగున్నాయి. వచ్చే నెల ఆ స్థలం శుభ్రం చేయిస్తారని విన్నాను. రథసప్తమి దాకా ఆ నాలుగు దుబ్బులూ ఉంచమని ఆఫీసులో అడిగాను, సరే అన్నారు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు బండి గేటు దగ్గర పెట్టి ఐదు నిమిషాలు అటు నడవండి. ఎడమ నుంచి రెండో దుబ్బు మీద నిన్నటికి మూడు గొంగళిపురుగులు ఉన్నాయి.